పదకొండో అభ్యంతరం

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడమ్, ఇన్నేండ్లు చేసిన్రు గదా, మాకేమన్న చెప్పున్రి" అంటారు. నేను టీ ఇచ్చి, రూల్సు పుస్తకం ఒకటికి రెండుసార్లు చదవమని చెప్పి పంపిస్తాను. వాళ్లు గేటు దాటాక గానీ, చెప్పాల్సింది చెప్పలేదని గుర్తుకు రాదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పడానికి నాకు సిగ్గు. అందుకే రాస్తున్నాను.

నేను పట్టణ ప్రణాళిక విభాగంలో పనిచేశాను. మొదట టేపు పట్టుకుని సర్వేయర్ వెనక నడిచే ఉద్యోగం, చివరికి కుర్చీలో కూర్చుని ఇక్కడ కట్టవచ్చు, ఇక్కడ కట్టకూడదు అని రాసే ఉద్యోగం. మధ్యలో ఎక్కిన మెట్ల గురించి రాయను. అవి నాకే గుర్తు లేవు. గుర్తున్నది ఒక స్థలం, ఒక ముసలాయన, నేను చేసిన ఒక తప్పు. రిటైరై రెండేళ్లు దాటింది. ఇప్పటికీ వాన గట్టిగా పట్టిందంటే నా అరికాళ్లు చల్లబడతాయి. అది వయసు వల్ల వచ్చింది కాదు, భయం వల్ల వచ్చింది.

బాపు మగ్గం

మాది వరంగల్ కొత్తవాడలో నేత పని చేసుకునే ఇల్లు. ఇల్లంటే సొంతిల్లు కాదు, కిరాయిది. కిరాయి ఇల్లు దొరకడం ఎవరికైనా కష్టమే గానీ మగ్గం ఉన్నవాడికి ఇంకా కష్టం. మా బాపుది, అంటే మా నాన్నది, గుంట మగ్గం. నేలలో గుంట తవ్వితే, నేసేవాడు అంచున కూర్చుని కాళ్లు అందులోకి దించి కింది చెక్కలు తొక్కుతాడు. ఇల్లు గలవాళ్లు అన్నిటికీ ఒప్పుకుని గుంట దగ్గర ఆగిపోయేవారు. "ఇంట్ల గుంట తవ్వుడు మంచిది గాదు" అనేవారు. ఒప్పుకున్నవాళ్లు కూడా ఏడాది తిరగకముందే ఖాళీ చేయమనేవారు. ఇల్లు గలామె చెప్పుల చప్పుడు వాకిట్లో వినబడితే మా అమ్మ మాట సగంలో ఆపేసేది. పిల్లలం మేమూ ఊపిరి బిగబట్టేవాళ్లం. ఏ తప్పూ చేయకుండానే దొంగల్లా బతకడం అప్పుడే నేర్చుకున్నాను.

నాకు పదేళ్లప్పుడు ఒకాయన పిలిచి మరీ ఇల్లిచ్చాడు. "ఎంత లోతన్న తవ్వుకో" అన్నాడు. ఎంత మంచివాడో అని మురిసిపోయాం. శ్రావణ మాసం వచ్చాక ఎందుకు పిలిచాడో తెలిసింది. గుంట అడుగున నీళ్లు ఊరేవి. బాపు పొద్దున్నే మగ్గం మీద కూర్చునే ముందు ఒక పాదం గుంటలోకి దించి చూసేవాడు. చల్లగా తగిలితే "ఇయ్యాల బంద్" అనేవాడు. చెమ్మకు పడుగు పోగులు ఒకదానికొకటి అతుక్కుని తెగిపోయేవి. వానలు తగ్గేదాకా మా ఇంట్లో పని లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేల సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. పదేళ్ల వయసులో తెలిసిన దాన్ని యాభై ఏడేళ్లకు మర్చిపోయాను.

కొమురయ్య సార్

నా మొదటి బాస్ కొమురయ్య సార్. కోపిష్టి. ఆడవాళ్లు సర్వేకు పనికిరారని నా మొహం మీదే అనేవాడు. ఆ మాటకు ఆయన్ని నేను క్షమించలేదు. కానీ పని నేర్పింది ఆయనే. స్థలం చూడ్డానికి వెళితే చెప్పులు విప్పి నాలుగు దిక్కులా నడవమనేవాడు. అది కూడా వానాకాలంలో. "ఎండకాలం ఏ భూమైనా మంచిగనే ఉంటది. పెండ్లిసూపులనాడు పిలగాడు మంచిగున్నట్టు" అనేవాడు.

ప్రజల నుంచి వచ్చే అభ్యంతరాల గురించి ఆయన చెప్పిన మాట ఇది: "పది కాగితాలొస్తే తొమ్మిది వాళ్ల గురించి వాళ్లు రాసుకున్నయే ఉంటయి. ఒక్కటి నేల గురించి ఉంటది. అది మంచి కాగితం మీద రాదు, ఇంగ్లీషుల రాదు. దాన్ని నువ్వే ఏరుకోవాలె." నేను తలూపాను. చిన్న వయసులో తలూపిన వాటిలో ఎన్ని చెవికెక్కుతాయో మీకూ తెలుసు.

నా ఫైలు

నా సర్వీసు ఇంకా ఏడాది కూడా లేదనగా మడికొండ అవతల ఒక ప్రభుత్వ స్థలంలో తక్కువ కిరాయి ఇండ్లు కట్టాలన్న ప్రతిపాదన నా టేబుల్ మీదికి వచ్చింది. అమ్మేవి కావు, ఉచితంగా ఇచ్చేవీ కావు. సంపాదనను బట్టి కిరాయి. పవర్‌లూమ్ మీద పనిచేసేవాళ్లు, ఐటీ పార్కులో ఊడ్చి తుడిచేవాళ్లు, కాపలా కాసేవాళ్లు వాటిలో ఉండొచ్చు. ఎవరో చెప్పులు చప్పుడు చేసుకుంటూ వచ్చి ఖాళీ చేయమనే పని లేదు.

ఇది నా ఫైలే అనుకున్నాను. తప్పు అక్కడే మొదలైంది. కాకి పిల్ల కాకికి ముద్దు. ముద్దొచ్చిన దానిలో లోపం కనబడదు.

ఆ రోజుల్లోనే రజిత వచ్చింది. ఐటీ పార్కులో హౌస్‌కీపింగ్ చేస్తుంది, భర్త పవర్‌లూమ్ మీద పని. దరఖాస్తు ఎలా నింపాలో అడగడానికి వచ్చి, నేను కూర్చోమన్నా కూర్చోకుండా మాట్లాడింది.

"నాలుగేండ్లల్ల ఐదు ఇండ్లు మారినం మేడమ్. మా పిల్లను నీది ఏ బడి అంటే ఇప్పటిదా, ముందటిదా అని అడుగుతది. మాకు ఒక్క ఇల్లు ఇప్పియ్యున్రి. కింది అంతస్తే రాయున్రి జర. మా అత్తకు మోకాళ్లు పనిచేస్తలేవు, మెట్లెక్కలేదు."

"కింది అంతస్తు" అని దరఖాస్తు అంచున నా చేత్తో నేనే రాశాను.

విచారణ రోజు

స్థలానికి ఒక పక్కన సొంతిళ్ల కాలనీ ఉంది. విచారణకు వాళ్లు ముప్పై మంది దాకా వచ్చారు. ముందు నిలబడి మాట్లాడింది పురుషోత్తం గారు, రిటైరైన లెక్చరర్. టైపు చేయించిన కాగితంలో పదకొండు అభ్యంతరాలు వరుసగా ఉన్నాయి.

"మేడమ్, మేం బీదోల్లకు వ్యతిరేకం కాదు. వాళ్లకు ఇండ్లు తప్పకుండ కావాలె. కాకపోతే ఇక్కడెందుకు? కిరాయోల్లంటే ఇయ్యాల ఉంటరు, రేపు పోతరు. ఎవలొస్తాన్రో ఎవలు పోతాన్రో తెల్వదు. ఆడపిల్లలున్న ఇండ్లు మావి" అన్నాడు.

వెనక నుంచి ఒకామె అంది, "పనికొచ్చి పోతే ఏం లేదు మేడమ్. పక్కనే ఉంటాంటే వేరే గదా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్కొక్కరు మాట్లాడుతుంటే నా చెవుల్లో పాత చెప్పుల చప్పుడే. అధికారి కుర్చీలో కూర్చున్నది నేను కాదు, కొత్తవాడ కిరాయి ఇంట్లో గోడకు ఒదిగి నిలబడ్డ పిల్ల. ఆ పిల్లకు కోపం రావడంలో తప్పు లేదు. కానీ విచారణ ఆమె చేయకూడదు.

పది అభ్యంతరాలు అయ్యాయి. పదకొండోది చెప్పడానికి వాళ్లలోంచి ఒక ముసలాయన లేచాడు. తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"నేను ఎల్లయ్యను బిడ్డా. ఆడ కుంట ఉన్నది గదా, దానికి మా నాయిన నీరటి, ఆయన తర్వాత నేను. తూము ఎత్తుడు, దించుడు మా పనే. మీరు ఇండ్లు రోడ్డుకు ఆనుకోని కడ్తరట. అది రోడ్డు గాదు, కుంటకట్ట. దాని మీద తారు పోసిన్రు. కుంట నిండితే కట్ట కింద ఊట లేస్తది. ఇండ్లు వద్దంటలేను. జర అటు గట్టి నేల, ఎర్ర మొరం దిక్కు జరుపున్రి."

నేనేం అడిగానో తెలుసా? "పెద్దయ్యా, నిన్ను ఎవరు తీసుకొచ్చిన్రు?" అని అడిగాను.

ఆయన పురుషోత్తం గారి వైపు చూసి, మళ్లీ నా వైపు చూశాడు. "వీళ్ల ఆటోల్నే వచ్చిన. ఆటో వాళ్లది, మాట నాది" అన్నాడు.

ఎవరో నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. కూర్చోమన్నాను.

ఆ సాయంత్రమే పదకొండు అభ్యంతరాల కిందా ఒకే మాట రాశాను, "ఆధారం లేని భయం" అని. మట్టి పరీక్ష రిపోర్టు నా ముందే ఉంది. అందులో ఎంత లోతుకు పోయినా చెమ్మ లేదు. ఆ పరీక్ష చేసింది నడి ఎండల్లో, కుంట అడుగు నెర్రెలు విచ్చి ఉన్నప్పుడు. తేదీ చూశాను. చూసినా బుర్రకెక్కలేదు. స్థలం యోగ్యమైనదని సంతకం పెట్టాను.

ఇండ్లు రోడ్డు పక్కనే ఎందుకు అన్న ప్రశ్న కూడా నేను వేయలేదు. జవాబు ఒకటే, పోయే వచ్చే పెద్ద నాయకులకు కనబడాలని. మనం కట్టేవాటిలో సగం, ఉండేవాళ్ల కోసం కాక దారిన పోయేవాళ్ల కోసం కడతాం. ఇది మీరు ఎక్కడా బయట అనకండి, కానీ మర్చిపోకండి.

ఎండ్రకాయలు

ఆ ఏడు ఆషాఢంలో మొదలైన వానలు శ్రావణంలో కూడా ఆగలేదు. చాలా ఏళ్ల తర్వాత కుంట నిండింది. ఇంకో వారంలో శంకుస్థాపన ఉందనగా ఏర్పాట్లు చూద్దామని వెళ్లాను. టెంటు కోసం గుంజలు పాతుతున్నారు. వాన వెలిసి ఎండ కాస్తోంది. రోడ్డు దిగి నాలుగడుగులు వేశానో లేదో, నేలంతా రూపాయి బిళ్లంత బొక్కలు, బొక్క బొక్కకూ తడి మట్టి ముద్దలు. ఎండ్రకాయలు. ఎండు నేలలో ఎండ్రకాయ ఇల్లు కట్టుకోదు.

చెప్పులు విప్పాను. పాదం కింద పెట్టగానే ఆ చల్లదనం పిక్కదాకా పాకింది. అది వాన తడి కాదు. వాన తడి పైపైనే ఉంటుంది. ఇది కింద నుంచి వచ్చే చెమ్మ. బాపు పాదం గుంటలో పెట్టి మొహం ముడుచుకోవడం కళ్లముందు కదిలింది.

గుంజలు పాతే మనిషిని పిలిచి గుంట తవ్వమన్నాను. పొడవు ఎంత, వెడల్పు ఎంత అని అడిగాడు. నా చేతులతో చూపించాను. బాపు మగ్గం గుంట కొలత నేను ఎక్కడా రాసుకోలేదు, చేతులకే తెలుసు. మర్నాడు పొద్దున వెళ్లేసరికి వాన పడకుండానే గుంటలో మోకాలు లోతు నీళ్లు.

ఆ గుంట అంచున నాకు కలిగిన భయం ఇంతకుముందు ఎన్నడూ ఎరగను. సస్పెండ్ చేస్తారన్న భయం ఉంది, లేదనను. దాన్ని మించి, రజిత అత్త కనబడింది. నేనెన్నడూ చూడని ఆ ముసలామె మంచం మీద కూర్చుని, కిందికి దిగబోయి పాదం నీళ్లలో పెట్టినట్టు కనబడింది. "కింది అంతస్తు" అని రాసింది నా చెయ్యే.

అప్పుడు నేను చేసింది కూడా రాస్తాను. దాచుకుంటే ఇదంతా రాసి లాభం లేదు. ఆ మనిషితో "పూడ్చెయ్" అన్నాను. ఇది బయటికి వస్తే పురుషోత్తం గారి మాట నెగ్గుతుంది, ఒకసారి ఆగిన ఫైలు మళ్లీ లేవదు, వందల మందికి ఇళ్లు పోతాయి, పునాదులు గట్టిగా వేయిస్తే సరిపోతుందిలే అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. అతను రెండు తట్టల మట్టి గుంటలో పోశాడు. నీళ్లు పైకి లేచి, అంచు పొర్లి, నా పాదాల మీదుగా పారాయి.

"ఇంక పొయ్యాల్నా మేడమ్?" అన్నాడు.

వద్దన్నాను.

ఎల్లయ్య నడక

అటు నుంచి అటే ఎల్లయ్య ఇంటికి వెళ్లాను. నన్ను చూసి ఆయన కోపం తెచ్చుకుని ఉంటే బాగుండేది. "నడువు బిడ్డా పోదాం" అని కర్ర అందుకున్నాడు. దారిలో వేప పుల్లలు ఒక పిడికెడు విరిచాడు. స్థలమంతా నడుస్తూ, ఆగిన చోటల్లా ఒక పుల్ల గుచ్చాడు.

"మత్తడి దుంకిన యేడు ఊట ఈడిదాకా వస్తది. ఇగ ఈ పుల్ల అవతల ఫికర్ లేదు. మొరం నేల, ఎంత నీళ్లు పడ్డ తాగుతది."

కుంట నిండి పొర్లడాన్నే మత్తడి దూకడం అంటారు. ఆయన గుచ్చిన పుల్లల వరసకు అవతల, స్థలంలో సగానికి పైగా పొడిగా ఉంది. ఇండ్లన్నీ అక్కడ పట్టేస్తాయి. లోపలికి రోడ్డు వేయాలి, పైపులు పొడుగు వేయాలి, అంతే. విచారణ రోజున ఆయన చెప్పింది సరిగ్గా ఇదే.

"పెద్దయ్యా, ఆ రోజు నిన్ను అట్ల అడగద్దుండె" అన్నాను.

"నువ్వు ఒక్కదానివే అడగలే బిడ్డా. మా కోడలు గూడ గదే అన్నది, వాళ్ల ఆటో ఎందుకెక్కినవని. మరి నాకు నడవస్తలేదు, నీ ఆఫీసేమో దూరం" అన్నాడు.

పెద్ద సార్

మా పై అధికారి గదిలోకి వెళ్లి గుంట సంగతి, పుల్లల సంగతి చెప్పాను. విన్నాడు. ఫైలు తెరిచాడు.

"ఇది మీ సంతకమే గదా?"

"నాదే సార్."

"మట్టి రిపోర్టు మంచిగనే ఉన్నది."

"ఎండకాలం రిపోర్టు సార్. మీరొక్కసారి వచ్చి గుంట చూడున్రి."

ఆయన ఫైలు మూశాడు. "చూసినంక చూడలేదని అనలేను గదా. అందుకే రాను. ఆపాలంటే మీరే రాసియ్యున్రి. పొరపాటు మీదని రాయున్రి" అన్నాడు.

చాలామంది ఆయన్ని తిట్టుకుంటారు. నాకు మాత్రం ఆయన నిజం చెప్పినట్టే అనిపించింది. అబద్ధం ఆడే బాసుల కంటే, తను ఎందుకు పిరికివాడో చెప్పే బాసు నయం. రాసిచ్చాను. పొరపాటు నాదని, రోడ్డు పక్కన కట్టకూడదని, మొరం వైపు కట్టవచ్చని. శంకుస్థాపన ఆగింది. మొరం వైపు అన్న ముక్క ఎవరూ చదవలేదు.

శాలువా

మూడో రోజున పురుషోత్తం గారు నలుగురిని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. చేతిలో శాలువా, యాపిల్ పండ్ల సంచి.

"మేడమ్, మా మాట నిలబెట్టిన్రు."

"మీ మాట కాదు సార్. ఎల్లయ్య మాట."

"అది గూడ మా కాగితంలదే గదా" అని నవ్వాడు.

శాలువా తీసుకోలేదు. యాపిల్ పండ్లు మాత్రం మా ఆయన అప్పటికే లోపల పెట్టేశాడు. వాటిని నేను ముట్టలేదు.

మర్నాడు రజిత ఫోన్ చేసింది. "మేడమ్, ఇండ్లు మీరే ఆపిన్రట గదా. మేం అక్కడికి రావద్దని చెప్పిన్రా?" అని అడిగింది. గొంతులో కోపం లేదు. అలవాటైపోయిన మనిషి గొంతు అది. ఫోన్‌లో చెబితే ఎవరు నమ్ముతారు? ఆదివారం స్థలానికి రమ్మన్నాను. గుంట చూపించాను. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, బురదలో నడుచుకుంటూ, ఎల్లయ్య గుచ్చిన పుల్లలు దాటి మొరం మీద నిలబడింది. కాలితో నేలను గట్టిగా తొక్కి చూసింది.

"ఈడ ఎండిపోయే ఉన్నది గదా మేడమ్. మరి ఈడెందుకు కడ్తలేరు?"

కడతారన్నాను. అప్పటి నుంచి రెండు వానాకాలాలు పోయాయి. రజిత ఇంకో రెండు ఇళ్లు మారింది. ఆ మొరం నేల ఖాళీగానే ఉంది. ఇన్నాళ్లూ నీళ్లున్న వైపును చూస్తే భయమేసేది. ఇప్పుడు పొడిగా ఉన్న వైపును చూస్తే ఇంకా ఎక్కువ భయమేస్తోంది.

ఇటువైపు కుర్చీ

పోయిన నెల మళ్లీ నోటీసు పడింది. ఇండ్లను మొరం వైపుకు మార్చి గీసిన కొత్త ప్లాను మీద విచారణ. రజిత ఇంకో నలుగురు ఆడవాళ్లతో ఆటోలో వచ్చి నన్ను ఎక్కించుకుంది. ఎల్లయ్య మంచం దిగే స్థితిలో లేడు. "నా మాట గూడ నువ్వే చెప్పు బిడ్డా" అని కబురు పంపాడు.

అదే గది. నేను కూర్చున్న కుర్చీలో ఒక చిన్న వయసు అమ్మాయి కూర్చుని ఉంది. మా ఇంట్లో టీ తాగి వెళ్లిన పిల్లే. రూల్సు పుస్తకం చదవమని చెప్పి పంపిన పిల్ల. పురుషోత్తం గారు లేచి కాగితం అందించాడు. ఈసారి అభ్యంతరాల వరసలో మొట్టమొదటిది ఊట. స్థలమంతా ఊటేనని, ఎక్కడ కట్టినా ప్రమాదమేనని. దానికి ఆధారంగా ఒక ఉత్తరం జత చేశాడు. నేను పొరపాటు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరమే. మొదటి పేజీ మాత్రమే ఉంది. మొరం సంగతి రెండో పేజీలో రాశాను.

ఆ అమ్మాయి ఉత్తరం చూసి, నన్ను చూసింది. నేను లేచి నిలబడ్డాను. ఎన్నో విచారణలు నడిపినదాన్ని, ఇటువైపు నిలబడడం ఇదే మొదటిసారి. రెండో పేజీ సంగతి, పుల్లల సంగతి, ఎల్లయ్య సంగతి చెప్పాను. నా వెనక కూర్చున్న రజితను, ఆ నలుగురు ఆడవాళ్లను ఆ అమ్మాయి ఒక్కొక్కరినే చూసింది.

"మేడమ్, ఏమనుకోకున్రి" అంది. "మిమ్మల్ని వీళ్లు తీసుకొచ్చిన్రా?"

"ఆటో వాళ్లదే" అన్నాను. "మాట నాది, ఎల్లయ్యది. వాన పడేటప్పుడు ఒక్కసారి నాతోని రా బిడ్డా. చెప్పులిడిచి నడుద్దాం."

ఆ అమ్మాయి కాగితం ముందుకు లాక్కుంది. తలవంచి రాయడం మొదలుపెట్టింది. ఇటువైపు నుంచి ఆ అక్షరాలు తలకిందులుగా కనబడతాయని నాకు అప్పుడే తెలిసింది. చదవడానికి ప్రయత్నించాను, కుదరలేదు. రజిత వెనక నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి చల్లగా ఉంది.

"ఏం రాస్తాంది మేడమ్?" అని అడిగింది.